ముఖం చూసి కాగితాలు అడగవచ్చా? అరిజోనా వలస చట్టం, హిస్పానిక్ ప్రజల పౌర హక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫీనిక్స్ పక్కనే ఉన్న చాండ్లర్‌లో మా కుటుంబం స్థిరపడి పదిహేనేళ్లు దాటింది. ఇక్కడి తెలుగు ఇళ్లలో వలస చట్టం ఊసు రాని రోజు ఉండదు. కానీ ఆ మాటలన్నీ హెచ్-1బి లాటరీ చుట్టూ, గ్రీన్ కార్డు వరుస చుట్టూ తిరుగుతాయి. అదే చట్టం మన ఇంటి పైకప్పు పెంకులు మార్చే మనిషికి, మనం తినే హోటల్ వంటింట్లో గిన్నెలు కడిగే ఆమెకు వేరే రూపంలో ఎదురవుతుంది. ఎక్కువగా అది రోడ్డు పక్కన, వెనకాల ఎరుపు నీలం లైట్లు వెలుగుతుండగా ఎదురవుతుంది. దాని గురించి గుడిలో, పిల్లల బడి దగ్గర, వాట్సాప్ బృందాల్లో మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు ఇవి. నేను లాయర్‌ను కాను. మీ సొంత కేసు ఏదైనా ఉంటే వలస చట్టం తెలిసిన లాయర్‌నే కలవండి.

హిస్పానిక్ అంటే వలస వచ్చినవారేనా?

కాదు. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. స్పానిష్ మాట్లాడే దేశాలతో మూలాలున్న వారందరినీ కలిపి అమెరికా ప్రభుత్వం వాడే పేరు హిస్పానిక్. 2020 జనాభా లెక్కల్లో వీరు 6 కోట్ల 20 లక్షలకు పైగా, అంటే దేశ జనాభాలో దాదాపు 19 శాతం. వీరిలో ప్రతి అయిదుగురిలో సుమారు నలుగురు అమెరికా పౌరులే.

అరిజోనాలో అయితే కథ ఇంకా పాతది. ఇప్పటి ఫీనిక్స్ ఉన్న నేల 1848 వరకు మెక్సికోది. గ్వాదలూప్ హిడాల్గో ఒప్పందంతో అది అమెరికా చేతికి వచ్చింది. టూసాన్ ఉన్న దక్షిణ భాగాన్ని ఆ తరువాత కొన్నేళ్లకు, 1853లో కుదిరిన గాడ్స్‌డెన్ ఒప్పందంతో కొన్నారు. అక్కడి కుటుంబాలు ఎక్కడికీ కదలలేదు, సరిహద్దే వాళ్ల ఇళ్ల మీదుగా జరిగింది. మనకు ఇది వింతగా తోచకూడదు. బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో తరతరాలుగా ఉన్న తెలుగువాళ్లు ఉన్న ఊళ్లోనే ఉండగా రాష్ట్రాల గీతలు వాళ్ల చుట్టూ మారాయి. బళ్లారిలో తెలుగు మాట్లాడే మనిషిని ‘నువ్వెప్పుడు వచ్చావు ఇక్కడికి?’ అని అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

చాండ్లర్‌లో 1997లో ఏదో జరిగిందంటారు. ఏమిటది?

1997 జులై చివరి వారంలో చాండ్లర్ పోలీసులు, బోర్డర్ పెట్రోల్ (సరిహద్దు గస్తీ దళం) ఏజెంట్లు కలిసి ఐదు రోజుల పాటు ఊరి పాత భాగాన్ని జల్లెడ పట్టారు. అప్పుడు డౌన్‌టౌన్‌ను బాగు చేసే పథకం నడుస్తోంది. ఈ దాడులకు పెట్టిన పేరు ‘ఆపరేషన్ రెస్టొరేషన్’, అంటే పునరుద్ధరణ. పత్రాలు లేని 432 మందిని పట్టుకున్నారు.

ఆ 432 మందిని పట్టుకోవడానికి ఎవరెవరిని ఆపారన్నది అసలు విషయం. కిరాణా దుకాణం నుంచి సంచులతో బయటికి వస్తున్నవారిని, సైకిల్ మీద పోతున్నవారిని, పిల్లలతో నడిచి వెళ్తున్న తల్లులను ఆపి కాగితాలు అడిగారు. అందులో చాండ్లర్‌లోనే పుట్టి పెరిగిన అమెరికా పౌరులున్నారు. కొందరిని ఒకటికి రెండుసార్లు ఆపారు. అప్పటి రాష్ట్ర అటార్నీ జనరల్ గ్రాంట్ వుడ్స్ విచారణ జరిపించి అదే ఏడాది నివేదిక ఇచ్చారు. చర్మం రంగు, మెక్సికన్‌లా కనిపించడం, స్పానిష్ మాట్లాడటం తప్ప ఆపడానికి ఇంకో కారణం కనిపించని సందర్భాలున్నాయని అందులో రాశారు. బాధితులు దావా వేశారు. 1999లో నగరం 4 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది.

ఆ వీధుల్లోనే ఇప్పుడు మనం శనివారం సాయంత్రాలు పిల్లలతో ఐస్‌క్రీం తింటూ తిరుగుతాం. ఇంటెల్ పుణ్యమా అని చాండ్లర్ మనకు రెండో ఊరైంది. ఈ ఊరిని సొంతం చేసుకున్నవాళ్లకు దాని చరిత్ర కూడా తెలిసి ఉండాలని నాకనిపిస్తుంది. నేను ఇక్కడికి వచ్చిన ఆరేళ్లకు గానీ ఈ సంగతి తెలుసుకోలేదు. చెప్పింది మా వీధిలో చెట్లు కత్తిరించే పెద్దాయన. ఆ వారం రోజులూ వాళ్లమ్మ తన జనన ధ్రువపత్రాన్ని మడిచి రవికలో దోపుకుని బజారుకు వెళ్లిందట. ఆమె పుట్టింది ఇక్కడికి ఇరవై మైళ్లలోనే.

ఎస్‌బీ 1070 అంటే ఏమిటి? ఎందుకు తెచ్చారు?

ఎస్‌బీ అంటే సెనేట్ బిల్లు. 2010 ఏప్రిల్ 23న అరిజోనా గవర్నర్ జాన్ బ్రూవర్ సంతకం చేసిన రాష్ట్ర చట్టం. శాసనసభలో దీన్ని నడిపించినది రాష్ట్ర సెనేటర్ రసెల్ పియర్స్. కాన్సస్‌కు చెందిన లాయర్ క్రిస్ కోబాక్ ముసాయిదాకు సాయపడ్డారు. అందులో ముఖ్యమైనవి నాలుగు సెక్షన్లు. పోలీసులు ఏదైనా కారణంతో ఒకరిని ఆపినప్పుడు, అతను అక్రమంగా దేశంలో ఉన్నాడన్న సహేతుకమైన అనుమానం వస్తే, వీలైనంత వరకు వలస స్థితి విచారించి తీరాలి. ఇది 2(బి). విదేశీయులు తమ నమోదు పత్రం దగ్గర లేకుండా తిరిగితే రాష్ట్ర నేరం. పత్రాలు లేకుండా పని వెతుక్కోవడమూ రాష్ట్ర నేరమే. దేశం నుంచి పంపించదగిన నేరం చేశాడని నమ్మితే వారెంట్ లేకుండానే అరెస్టు చేయవచ్చు.

ఎందుకు తెచ్చారన్నది కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. 1993, 1994లలో టెక్సాస్‌లోని ఎల్ పాసో దగ్గర, కాలిఫోర్నియాలోని శాన్ డియాగో దగ్గర ఫెడరల్ ప్రభుత్వం, అంటే కేంద్రం, సరిహద్దు కాపలా బాగా పెంచింది. దాంతో దాటేవాళ్ల దారి అరిజోనా ఎడారి మీదికి మళ్లింది. మనుషుల్ని దాటించే ముఠాలు ఫీనిక్స్ ఇళ్లలో వలసదారులను బంధించి డబ్బు గుంజేవి. ఎడారిలో దాహంతో చనిపోయినవారి శవాలు దొరికేవి. 2010 మార్చిలో సరిహద్దు దగ్గర ఒక పశువుల పెంపకందారు హత్యకు గురయ్యాడు. జనంలో భయం నిజం, కోపం నిజం. ఫెడరల్ ప్రభుత్వం చేతులెత్తేసిందన్న ఫిర్యాదులోనూ నిజముంది. అయితే ఆ భయానికి బదులుగా వచ్చిన చట్టం ముఠాల కన్నా ముందు ఇంటికి కూరగాయలు తెచ్చుకునే మనిషిని తాకింది.

రంగు చూసి ఆపవద్దని ఆ చట్టంలోనే రాశారు కదా, ఇక ఇబ్బంది ఏమిటి?

రాశారు. సంతకం అయిన వారం రోజుల్లోనే సవరణ తెచ్చి ఆ నిషేధాన్ని ఇంకొంచెం గట్టిపరిచారు కూడా. అయినా ప్రశ్న అలాగే ఉంది. హైదరాబాదు నుంచి నిన్న దిగిన మనిషికి, ఇరవై ఏళ్ల కిందట పౌరసత్వం తీసుకున్న మనిషికి ముఖంలో తేడా ఏమిటి? రోడ్డు మీద నిలబడిన పోలీసుకు ‘అక్రమంగా ఉన్నాడు’ అన్న అనుమానం దేన్ని చూసి రావాలి?

సంతకం చేసిన రోజే విలేఖరులు గవర్నర్‌ను ఈ మాటే అడిగారు. అక్రమ వలసదారు ఎలా ఉంటాడో తనకు తెలియదని ఆమె ఒప్పుకున్నారు. తమకు తెలుసని అనుకునేవాళ్లు అరిజోనాలో ఉన్నారని కూడా అన్నారు. చట్టానికి అంతకు మించిన విమర్శ మరొకటి అక్కర్లేదు. అధికారం అందుతున్నది ఆ తెలుసనుకునే మనుషుల చేతికే.

కారు వెనక లైటు వెలగడం లేదనో, గీత తొక్కావనో ఆపడానికి కారణం ఎప్పుడూ దొరుకుతుంది. ఎవరి కారు వెనక లైటు మీద చూపు పడుతుందన్నదే అసలు ప్రశ్న.

సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసిందా, ఉంచిందా?

ఎక్కువ భాగం కొట్టివేసింది, ఒక ముఖ్యమైన భాగాన్ని ఉంచింది. 2010 జులై 28న, అంటే చట్టం అమల్లోకి రావడానికి ముందు రోజు, ఫెడరల్ జడ్జి సుసాన్ బోల్టన్ ఆ నాలుగు సెక్షన్లనూ ఆపారు. 2012 జూన్ 25న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. వలస విధానం దేశానికంతటికీ ఒకటే ఉండాలి, అది ఫెడరల్ ప్రభుత్వం పని, రాష్ట్రం దాని మీద సొంత నేరాలు సృష్టించుకోకూడదు అని జస్టిస్ ఆంథొనీ కెన్నెడీ రాశారు. మూడు సెక్షన్లు పోయాయి. 2(బి) మాత్రం ఎలా అమలవుతుందో చూడకుండా ముందే కొట్టివేయలేమని కోర్టు ఉంచింది. అమలులో హక్కులు దెబ్బతింటే మళ్లీ రావచ్చని తలుపు తెరిచే ఉంచింది.

హిస్పానిక్ సంస్థలు ఆ తలుపు తట్టాయి. 2016 సెప్టెంబరులో రాజీ కుదిరింది. వలస స్థితి కనుక్కోవడం కోసమే ఎవరినీ ఆపకూడదు, ఆపినవారిని ఆ పేరుతో అదనపు సేపు నిలబెట్టకూడదు అని రాష్ట్ర అటార్నీ జనరల్ పోలీసులకు మార్గదర్శకం రాసిచ్చారు. కాబట్టి 2(బి) ఈనాటికీ పుస్తకంలో ఉంది, కానీ దాని కోరలు చాలావరకు తీసేశారు.

గమనించారా, 2012 తీర్పులో జాతి వివక్ష అన్న మాటకు చోటు లేదు. ఆ కేసు కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య అధికారాల తగాదాగా నడిచింది. మనుషుల బాధ కోర్టు ముందుకు వచ్చింది వేరే కేసులో.

షెరిఫ్ ఆర్పాయో మీద నడిచిన కేసు అదేనా?

అదే. ఎస్‌బీ 1070 కన్నా నాకు ముఖ్యమైన కేసు ఇది. కొంచెం ఓపికగా చదవండి.

మారికోపా కౌంటీ అంటే ఫీనిక్స్, చాండ్లర్, మేసా, గిల్బర్ట్ అన్నీ కలిసిన కౌంటీ, మన జిల్లా లాంటిది. దానికి 1993 నుంచి 24 ఏళ్లు షెరిఫ్‌గా, అంటే ఎన్నికైన పోలీసు అధిపతిగా, ఉన్నది జో ఆర్పాయో. ఎండలో గుడారాల జైలు పెట్టి, ఖైదీలకు గులాబీ రంగు లోదుస్తులు తొడిగి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1996లో వచ్చిన ఒక ఫెడరల్ చట్టం, 287(జి) అంటారు, స్థానిక పోలీసులు ఒప్పందం చేసుకుని వలస అధికారుల పని చేయడానికి వీలు కల్పించింది. 2007లో ఆర్పాయో ఆ ఒప్పందం చేసుకున్నారు. ఇక డెప్యూటీలు, అంటే ఆయన కింది పోలీసులు, కొన్ని ప్రాంతాల మీద మూకుమ్మడిగా పడి, చిన్న చిన్న ట్రాఫిక్ తప్పులకు కార్లు ఆపి, లోపల ఉన్నవారి కాగితాలు అడగడం మొదలైంది.

2007 సెప్టెంబరులో కేవ్ క్రీక్ అనే చిన్న ఊళ్లో ఒక ట్రక్కును ఆపారు. ఆ ఊళ్లో రోజు కూలీలు ఒక చర్చి దగ్గర పని కోసం నిలబడేవారు. ట్రక్కు నడుపుతున్నది తెల్లజాతి మనిషి. అతి వేగం అన్నారు, కానీ అతనికి చలానా రాయలేదు, పంపించేశారు. పక్కన కూర్చున్న మెక్సికన్‌ను మాత్రం దించారు. అతని దగ్గర చెల్లుబాటయ్యే పర్యాటక వీసా ఉంది. అయినా సంకెళ్లు వేసి తీసుకెళ్లి గంటల తరబడి నిర్బంధించారు. చివరికి వలస అధికారి ఒకరు కాగితాలు చూసి అన్నీ సరిగానే ఉన్నాయని వదిలేశారు. కేసు అతని పేరు మీదే, మెలెండ్రెస్ కేసుగా నడిచింది. తరువాత కౌంటీలోని లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న, దాదాపు హిస్పానిక్ అన్నట్టే) ప్రజలందరి తరఫు సామూహిక దావాగా మారింది.

2013 మే 24న జడ్జి ముర్రే స్నో తీర్పు ఇచ్చారు. షెరిఫ్ కార్యాలయం లాటినో ప్రజలను వారి జాతి చూసి లక్ష్యంగా చేసుకుందని, అకారణంగా ఆపడాన్ని, వెతకడాన్ని అడ్డుకునే రాజ్యాంగం నాలుగో సవరణను, సమాన రక్షణనిచ్చే పద్నాలుగో సవరణను ఉల్లంఘించిందని తేల్చారు. తీర్పుతో ఊరుకోలేదు. కోర్టు తరఫున పర్యవేక్షకుడిని నియమించారు. డెప్యూటీల ఒంటికి కెమెరాలు పెట్టించారు. ఆపిన ప్రతి కారుకూ, ఎందుకు ఆపారో, ఎంతసేపు ఆపారో, లోపల ఎవరున్నారో రాసిపెట్టాలని ఆదేశించారు. వివక్ష ‘అనిపించడం’ వేరు, అంకెల్లో కనబడటం వేరు. ఆ పుస్తకాలు రాయించడమే ఈ తీర్పు చేసిన అతి పెద్ద మేలని నా నమ్మకం.

ఆర్పాయో కోర్టు ఆదేశాలను లెక్కచేయలేదు. 2016 నవంబరులో ఎన్నికల్లో ఓడిపోయారు. 2017 జులైలో కోర్టు ధిక్కార నేరం రుజువైంది. ఆ తీర్పు ఇచ్చినది కూడా జడ్జి బోల్టనే. శిక్ష పడకముందే, ఆగస్టు 25న, అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. క్షమాభిక్ష ఆయన నేరానికి దొరికింది. కౌంటీ మీద కోర్టు పెట్టిన కట్టడికి మాత్రం దొరకలేదు, అది తరువాతి షెరిఫ్‌ల కాలంలోనూ కొనసాగింది.

మిగతా రాష్ట్రాలు కూడా ఇలాంటి చట్టాలు చేశాయా?

2011లో యూటా, జార్జియా, ఇండియానా, దక్షిణ కరోలినా, అలబామా అదే దారి పట్టాయి. అన్నిట్లోకీ కఠినమైనది అలబామాది. బడిలో చేరే పిల్లల వలస స్థితిని బడివాళ్లే కనుక్కోవాలని అందులో రాశారు. సెప్టెంబరు చివర ఒక జడ్జి ఆ నిబంధనను అనుమతించగానే, తరువాతి సోమవారం రాష్ట్రమంతటా రెండు వేలకు పైగా హిస్పానిక్ పిల్లలు బడికి రాలేదు. వాళ్లలో చాలామంది అక్కడే పుట్టినవారు, భయం తల్లిదండ్రులది. పై కోర్టు అక్టోబరులో దాన్ని ఆపింది, మరుసటి ఏడాది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది.

ఆ నవంబరులో అదే రాష్ట్రంలోని టస్కలూసాలో పోలీసులు ఒక అద్దె కారును ఆపారు. నడుపుతున్నాయన దగ్గర జర్మన్ గుర్తింపు కార్డు తప్ప మరేమీ లేదు. కొత్త చట్టం ప్రకారం అరెస్టు చేశారు. ఆయన మెర్సిడెస్ కంపెనీ అధికారి, అక్కడి ఫ్యాక్టరీ పని మీద వచ్చారు. ఒక్క రోజులో ఆ వార్త దేశాలు దాటింది, గవర్నర్ స్థాయిలో కదలిక వచ్చింది. ఆ చట్టం కింద పట్టుబడిన కోళ్ల ఫారం కూలీ గురించి ఎవరూ ఫోను చేయలేదు.

అక్రమంగా వచ్చినవారికి హక్కులేమిటి? అది నేరం కాదా?

సరిహద్దును దొంగతనంగా దాటడం ఫెడరల్ నేరం, మొదటిసారి అయితే చిన్న నేరం. వీసాతో వచ్చి గడువు దాటాక ఉండిపోవడం మామూలుగా నేరం కాదు, సివిల్ ఉల్లంఘన. దేశం నుంచి పంపించవచ్చు, కానీ అందుకే జైలు శిక్ష వేయరు. 2012 తీర్పులో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టంగా చెప్పింది.

హక్కుల సంగతికొస్తే, అమెరికా రాజ్యాంగం ఐదో, పద్నాలుగో సవరణల్లో వాడిన మాట ‘పౌరుడు’ కాదు, ‘వ్యక్తి’. న్యాయప్రక్రియ లేకుండా ఏ వ్యక్తి స్వేచ్ఛనూ తీసేయకూడదు, ఏ వ్యక్తికీ చట్టం ముందు సమాన రక్షణ నిరాకరించకూడదు. మన రాజ్యాంగమూ ఇంతే. 14, 21 అధికరణలు వ్యక్తి అంటాయి, 19వ అధికరణ పౌరులు అంటుంది. ఎక్కడ ఏ మాట వాడాలో రాసినవాళ్లకు తెలుసు.

1886లోనే ఈ పరీక్ష వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలో చాకలి దుకాణాలకు లైసెన్సులిచ్చే నిబంధన కాగితం మీద అందరికీ ఒకటే, అమలులో చైనీయులకు మాత్రం అనుమతి దొరికేది కాదు. దుకాణదారు యిక్ వో పౌరుడు కాదు. అయినా సుప్రీంకోర్టు ఆయన పక్షాన నిలిచింది. రాత సమానంగా ఉన్నా చేత వివక్షతో ఉంటే అది రాజ్యాంగ విరుద్ధమేనంది. 1954లో హెర్నాండెజ్ కేసులో, నల్లజాతి పిల్లల బడుల తీర్పుకు రెండు వారాల ముందు, మెక్సికన్ అమెరికన్లకూ పద్నాలుగో సవరణ రక్షణ ఉందని చెప్పింది. 1975లో బ్రిగ్నోనీ-పోన్సే కేసులో, మెక్సికన్‌లా కనిపించినంత మాత్రాన కారు ఆపకూడదని చెప్పింది. బాధాకరంగా, అదే తీర్పులో ఆ రూపం ‘ఒక అంశంగా’ లెక్కలోకి రావచ్చని కూడా రాసింది. యాభై ఏళ్లుగా తగాదా అంతా ఆ ‘ఒక అంశం’ మీదనే.

పత్రాలు లేని కుటుంబాల పిల్లలు బడికి వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు, ఉచితంగా. టెక్సాస్‌లోని టైలర్ అనే ఊళ్లో అలాంటి పిల్లలకు ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు పెడితే నాలుగు కుటుంబాలు కోర్టుకెళ్లాయి. 1977లో విచారణను జడ్జి తెల్లవారుజామున ఆరింటికి పెట్టారు, జనం కంట పడకూడదని. ఆ తల్లిదండ్రులు కారు నిండా సామాను సర్దుకుని వచ్చారు. కోర్టు నుంచే నేరుగా మెక్సికోకు పంపించేస్తారేమోనని వాళ్ల భయం. పంపించలేదు. 1982లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో వాళ్లను గెలిపించింది. ప్లైలర్ తీర్పు అంటారు.

మనం ఏళ్ల తరబడి వరుసలో నిలబడ్డాం. వరుస దాటి వచ్చినవాళ్ల మీద మనకెందుకు సానుభూతి?

ఈ ప్రశ్న వెనక ఉన్న అలసట నాకు తెలుసు. మా గ్రీన్ కార్డు వరుసలో మేమూ జుట్టు నెరిపించుకున్నాం. కానీ మెక్సికో పల్లెలో పుట్టి హైస్కూలు దాటని మనిషి నిలబడటానికి మనకున్నలాంటి వరుస అసలు లేదు. మనకు వరుస పొడుగు, వాళ్లలో చాలామందికి వరుసే లేదు.

రెండోది, చట్టం మన కాలికి కూడా సంకెల వేసింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ అనే బూటకపు విద్యాసంస్థను ప్రభుత్వం మూసేసినప్పుడు నష్టపోయినవారిలో ఎక్కువ మంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి చీలమండలకు రేడియో పట్టీలు కట్టారు. మన ఊళ్లలో ఎంత గగ్గోలు పుట్టిందో గుర్తుందా? ‘మా పిల్లలేమైనా నేరస్థులా?’ అని అడిగాం. న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్న అడిగే హక్కు గ్వాటెమాలా తల్లికి కూడా ఉంది. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను సంకెళ్లతో సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దించినప్పుడు మనకు కలిగిన బాధ కూడా అలాంటిదే.

ఇంకో మాట. అరిజోనా ఎండకు నల్లబడిన నన్ను చూసి సామాన్ల దుకాణంలో నెలకోసారైనా ఎవరో ఒకరు స్పానిష్‌లో పలకరిస్తారు. దుకాణంలో పొరపాటు పడే కన్ను రోడ్డు మీద పొరపాటు పడదా?

ఇదంతా పాత కథ కదా, ఇప్పుడెలా ఉంది?

పాతబడలేదు. 2025 వేసవిలో లాస్ ఏంజిలస్‌లో కార్లు కడిగే చోట్ల, కూలీలు నిలబడే అడ్డాల మీద ఫెడరల్ ఏజెంట్లు దాడులు చేశారు. జాతి, స్పానిష్ లేదా యాసతో ఇంగ్లిష్ మాట్లాడటం, ఉన్న చోటు, చేసే పని, ఈ నాలుగింటినే ఆధారంగా తీసుకుని ఆపవద్దని జులై 11న అక్కడి ఫెడరల్ జడ్జి ఆదేశించారు. సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. మెజారిటీ కారణాలు రాయలేదు. జాతి ఒక్కటే చాలదు గానీ ఇతర విషయాలతో కలిపి ఒక అంశంగా చూడవచ్చని జస్టిస్ కావనా విడిగా రాశారు. అంటే 1975 నాటి ఆ ‘ఒక అంశం’ మళ్లీ ముందుకు వచ్చింది. జస్టిస్ సోటోమయోర్, మరో ఇద్దరు గట్టిగా విభేదించారు. ‘యాసతో ఇంగ్లిష్’ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

అరిజోనాలో 2024 నవంబరు ఎన్నికల్లో ఓటర్లు ప్రతిపాదన 314ను ఆమోదించారు. అనుమతి లేని చోట సరిహద్దు దాటడం రాష్ట్ర నేరమవుతుంది. అయితే టెక్సాస్ 2023లో చేసిన ఇలాంటి చట్టమో, మరో రాష్ట్రానిదో వరుసగా 60 రోజులు అమల్లో ఉంటేనే ఆ ముఖ్య నిబంధన పనిచేస్తుందని షరతు పెట్టారు. అదే ఎన్నికల్లో అదే ఓటర్లు రూబెన్ గయేగోను అరిజోనా నుంచి తొలి లాటినో సెనేటర్‌గా గెలిపించారు. ఎస్‌బీ 1070ని నడిపించిన పియర్స్‌ను 2011లోనే ఆయన నియోజకవర్గం పదవి మధ్యలో వెనక్కి పిలిచి ఓడించింది. ఈ రాష్ట్రం ఒకే గొంతుతో మాట్లాడదు.

పోలీసులు ఆపితే నేను ఏం చేయాలి? ఏ కాగితాలు దగ్గర ఉంచుకోవాలి?

చేతులు స్టీరింగ్ మీద కనబడేలా ఉంచండి. డ్రైవింగ్ లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా కాగితం చూపించండి. అరిజోనాలో చట్టబద్ధంగా ఆపినప్పుడు మీ అసలు పేరు పూర్తిగా చెప్పి తీరాలి. ఎక్కడ పుట్టారు, ఎలా వచ్చారు అన్న ప్రశ్నలకు మౌనంగా ఉండే హక్కు ఉంది. అబద్ధం మాత్రం చెప్పకండి, దొంగ కాగితం అసలే చూపకండి. కారు వెతకడానికి ఒప్పుకోవడం లేదని మర్యాదగా చెప్పవచ్చు. ఎస్‌బీ 1070 ప్రకారం చెల్లుబాటయ్యే అరిజోనా లైసెన్సు చూపించినవారు చట్టబద్ధంగా ఉన్నట్టే భావించాలి.

మనలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. పౌరులు కాని 18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ తమ నమోదు పత్రాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని ఫెడరల్ చట్టం చెబుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ కార్డు, హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవారికి ఐ-94, అంటే దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసిన పత్రం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకూ వర్తిస్తుంది. వాళ్లు సాయంత్రం నడకకు వెళ్లేటప్పుడు ఐ-94 ప్రతి జేబులో ఉండేలా చూడండి.

ఇంటి తలుపు తడితే వెంటనే తెరవక్కర్లేదు. వారెంట్‌ను తలుపు కింద నుంచి పెట్టమనండి, లేదా కిటికీకి ఆనించి చూపించమనండి. సంతకం కోర్టు జడ్జిదా, వలస శాఖ అధికారిదా చూడండి. అధికారి సంతకంతో ఉన్నది అడ్మినిస్ట్రేటివ్ వారెంట్. దాంతో మీ అనుమతి లేకుండా ఇంట్లోకి రాకూడదన్నది నాలుగో సవరణ మీద కోర్టులు ఏళ్లుగా చెబుతున్న నియమం. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి. లాయర్‌ను పెట్టుకునే హక్కు ఉంది, అయితే వలస కోర్టులో ప్రభుత్వం తన ఖర్చుతో లాయర్‌ను ఇవ్వదు.

శాన్ డియాగో వెళ్లి వచ్చేటప్పుడు హైవే మీద ఆపి అడుగుతారు. అది సరైనదేనా?

1976లో మార్టినెజ్-ఫ్యుయెర్టే కేసులో సుప్రీంకోర్టు అనుమతించింది. స్థిరమైన తనిఖీ కేంద్రంలో ఏ అనుమానం లేకపోయినా క్లుప్తంగా అడగవచ్చు, పక్కకు పంపవచ్చు. వెతకాలంటే మాత్రం కారణం ఉండాలి.

ఒకసారి మేం యూమా దాటి వస్తున్నాం. మా మామగారి పాస్‌పోర్టు డిక్కీలో, సూట్‌కేసు అడుగున ఉంది. ఆ ఏజెంటు ఓపికగా నిలబడ్డాడు. నేను ఎండలో చీరలు, పచ్చడి సీసాలు ఒక్కొక్కటి తీసి పక్కన పెట్టి వెతికాను. నవ్వి పంపించాడు. మా ముందున్న పాత పికప్‌లోని కుటుంబం అప్పటికే పక్క వరుసలో నిలబడి ఉంది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, బాలల ఫుట్‌బాల్ దుస్తుల్లో ఉన్నారు. వాళ్లలో ఒక కుర్రాడు తన తండ్రి ముఖం వైపే చూస్తున్నాడు. ఎందుకు పక్కకు పంపారో నాకు తెలియదు. కారణం ఉండి ఉండవచ్చు. మా మామగారు మాత్రం ఇంటికి చేరేదాకా ఆ కుర్రాడి గురించే అడుగుతూ వచ్చారు.

పక్కింటివాళ్లను ఆపడం చూస్తే వీడియో తీయవచ్చా?

తీయవచ్చు. బహిరంగ స్థలంలో పోలీసులు చేసే పనిని చిత్రీకరించే హక్కు మొదటి సవరణ కిందికి వస్తుందని అరిజోనా తన పరిధిలోకి వచ్చే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 1995లోనే గుర్తించింది. పోలీసులకు ఎనిమిది అడుగుల లోపల వీడియో తీయకూడదని 2022లో రాష్ట్రం ఒక చట్టం చేస్తే మరుసటి ఏడాది ఫెడరల్ కోర్టు దాన్ని శాశ్వతంగా ఆపేసింది. అయినా పది పదిహేను అడుగుల దూరంలో నిలబడండి, అడ్డం పడకండి, వెనక్కి జరగమంటే జరుగుతూనే తీయండి. టైము, వీధి పేరు, బండి మీది అంకెలు చెబుతూ తీస్తే తరువాత లాయర్‌కు పనికొస్తుంది. తీసింది ముందు ఆ కుటుంబానికి ఇవ్వండి. వాళ్లు సరే అంటేనే బయట పెట్టండి.